ట్రాక్టరు గేరుబాక్సు చెడినప్పుడు: బాగుచేయింపవలెనా, మార్పింపవలెనా?

వ్యవసాయ యంత్రములకు వచ్చు జబ్బులలో రైతునకు మిక్కిలి దిగులు గలిగించునది గేరుబాక్సు జబ్బు. ఇంజను చెడునప్పుడు పొగ హెచ్చరించును. టైరు అరిగిన యెడల కంటికి కనబడును. గేరుబాక్సు మాత్రము ఇనుప పెట్టెలో మూయబడి, నూనెలో మునిగి యుండును. లోపల నేమి జరుగుచున్నదో యజమానునకు తెలియదు. కావున మేస్త్రీ చెప్పిన మాటయే ప్రమాణమగుచున్నది. ఒక మేస్త్రీ "విప్పి బాగుచేయుదము" అనును. మరియొకడు "ఇది పనికి రాదు, వేరొకటి వేయుదము" అనును. ఇరువురి మాటలలో నేది మేలో నిర్ణయింపలేక అనేకులు అప్పు చేసి, పిమ్మట విచారించుచున్నారు.

మన శ్రీరంగాపూరు ప్రాంతమున ఈ విషయము మరింత ముఖ్యమైనది. రంగసముద్రము భీమా ఎత్తిపోతల పథకములో జలాశయముగా మారిన పిమ్మట వరిసాగు పెరిగినది. వానకాలమునను యాసంగిలోను కేజీవీల్సు తగిలించుకొని ట్రాక్టర్లు బురదలో రోజుల తరబడి తిరుగుచున్నవి. అదే ట్రాక్టరు కోత పిమ్మట ధాన్యపు ట్రాలీని లాగును. చెలకలలో వేరుసెనగకు దుక్కి దున్నును. ఇన్ని పనుల భారమును మోయునది గేరుబాక్సే. అది నాట్ల వేళ ఆగిపోయిన యెడల నష్టము మరమ్మతు ఖర్చుతో తీరదు; నారు ముదురును, అదను తప్పును.

ఈ పాఠమున మేము చెప్పదలచినది ఒక్కటే: బాగుచేయుట, మార్చుట అను రెండింటిలో నేదియు ఎల్లప్పుడును మేలైనది కాదు. మూడు ప్రశ్నలకు జవాబు దొరికిన పిమ్మటనే నిర్ణయము చేయవలెను. మొదటిది, జబ్బు నిజముగా గేరుబాక్సులోనే యున్నదా? రెండవది, పెట్టెయు ప్రధానమైన షాఫ్టులును గట్టిగా నున్నవా? మూడవది, ఏ మార్గమునకు ఎంత సొమ్ము, ఎన్ని దినములు పట్టును?

1. గేరుబాక్సు చేయు పని

ఇంజను వేగముగా తిరుగును గాని దాని మెలిత్రిప్పు బలము పరిమితమైనది. నాగలికి కావలసినది తక్కువ వేగము, ఎక్కువ బలము. 20 పండ్ల చక్రము 60 పండ్ల చక్రమును త్రిప్పిన యెడల రెండవ చక్రము మూడవ వంతు వేగముతో తిరుగును; రాపిడికి పోయినది తీసివేయగా బలము సుమారు మూడింతలగును. గేరుబాక్సు రహస్యమంతయు నిదియే. ఇంజను శక్తి క్లచ్చి ద్వారా గేరుబాక్సునకును, అచ్చటినుండి డిఫరెన్షియలునకును, తుదకు వెనుక చక్రములకును చేరును.

పాత పద్ధతిలో పండ్ల చక్రములే ప్రక్కకు జరిగి ఒకదానితో నొకటి కలిసికొనును. కాన్‌స్టెంట్ మెష్ పద్ధతిలో చక్రములు ఎల్లప్పుడు కలిసియే యుండును. నడుమనున్న కాలరు మాత్రము జరుగును. 1928లో అమెరికాలోని కాడిలాక్ కంపెనీవారు తమ కార్లలో ప్రవేశపెట్టిన సింక్రోమెష్ పద్ధతిలో ఇత్తడివంటి లోహపు రింగులు రెండు భాగముల వేగమును ముందుగా సమానము చేయును. తమ ట్రాక్టరు ఏ పద్ధతిదో యజమాని తెలిసికొనవలెను. సింక్రోమెష్ లేని బండిలో నడచుచుండగా బలవంతముగా గేరు మార్చుట పండ్లను కొరికించుటయే.

కారునకును ట్రాక్టరునకును ఒక ముఖ్యమైన భేదము కలదు. అనేకమైన జీపులలో గేరుబాక్సును క్రింది నుండి బోల్టులు విప్పి వేరుగా దింపవచ్చును. ట్రాక్టరులో సాధారణముగా వేరే చట్రము లేదు. ఇంజను, క్లచ్చి పెట్టె, గేరుబాక్సు, వెనుక ఇరుసు పెట్టె ఒకదానికొకటి బిగింపబడి అవియే వెన్నెముకగా నుండును. కావున గేరుబాక్సు విప్పుట యనగా ట్రాక్టరును నడిమికి రెండు ముక్కలు చేయుట. ఒకసారి విప్పుటకే కూలి ఎక్కువ. అందుచేత విప్పక మునుపే చేయదగిన పరీక్షలన్నియు చేయవలెను.

2. విప్పక మునుపు చేయవలసిన పరీక్షలు

చదునైన నేలమీద, ముందు వెనుకల ఎవరును లేకుండ చూచుకొని, పి.టి.ఓ. ఆపివేసి, ఈ క్రింది విధముగా పరీక్షింపవలెను.

మొదటి పరీక్ష: ఇంజను ఆపి గేర్లన్నియు వేసి చూడుడు. ఏదైన గేరు పడకున్న బండిని కొంచెము ముందుకు త్రోసి మరల ప్రయత్నింపుడు. ఇంజను ఆగియున్నప్పుడు అన్నియు సులభముగా పడుచు, ఇంజను తిరుగునప్పుడు మాత్రము గరగరలాడిన యెడల తప్పు ప్రాయికముగా క్లచ్చిది. పెడలు నొక్కినను క్లచ్చి పూర్తిగా విడిపోవుట లేదన్నమాట. పెడలు ఆటను సరిచేయుటతోనే ఇది కుదురవచ్చును. ఈ పరీక్ష చేయక గేరుబాక్సు విప్పించుట, పంటి నొప్పికి కడుపు కోయించుకొన్నట్లుండును.

రెండవ పరీక్ష: గేరు న్యూట్రలులో నుంచి ఇంజను నడుపుచు చెవియొగ్గి వినుడు. క్లచ్చి నొక్కినప్పుడు ఆగిపోయి, వదలినప్పుడు వచ్చు శబ్దము గేరుబాక్సు ముందు షాఫ్టు బేరింగులదిగాని, దానితో తిరుగు క్రింది షాఫ్టుదిగాని కావచ్చును. క్లచ్చి నొక్కినప్పుడే వచ్చు శబ్దము రిలీజు బేరింగుది.

మూడవ పరీక్ష: బండి నడుపుచు ఒక్కొక్క గేరులో వినుడు. ఒకే గేరులో శబ్దము వచ్చిన యెడల ఆ గేరు పండ్లను అనుమానింపవలెను. అన్ని గేర్లలోను వచ్చిన యెడల బేరింగులను అనుమానింపవలెను. మలుపులో మాత్రమే వచ్చిన యెడల డిఫరెన్షియలునో, చక్రపు బేరింగునో చూడవలెను.

నాల్గవ పరీక్ష: ఒక గేరు వేసిన పిమ్మట తనంత తానే జారి న్యూట్రలునకు వచ్చుచున్నదా? దీనికి కారణము పై మూతలోని గోలీ, స్ప్రింగు బలహీనమగుట కావచ్చును; ఇది చిన్న పని. ఫోర్కు అరుగుట, కాలరు పండ్లు గుండ్రబడుట, షాఫ్టు ముందు వెనుకలకు ఆడుట అనునవియు కారణములే. ఇవి పెద్ద పనులు. అనేక బండ్లలో పై మూతను ట్రాక్టరు ముక్కలు చేయకయే తీయవచ్చును గనుక, ముందు మూత తీసి చూడుమని మేస్త్రీని అడుగుడు.

3. నూనె చెప్పు సాక్ష్యము

మేస్త్రీ పొరపడవచ్చును గాని నూనె అబద్ధమాడదు. డ్రైను బోల్టు విప్పి నూనెను శుభ్రమైన బేసినులో పట్టుడు. బోల్టునకు అయస్కాంతమున్న యెడల దానిమీద సన్నని బూడిదరంగు ముద్ద పేరుకొని యుండును. అది సహజమైన అరుగుదల, భయపడ నక్కరలేదు. రేకులవలె, సూదులవలె నున్న ఇనుప తునకలు కనబడిన యెడల పండ్లో బేరింగులో పొరలు లేచినవని తెలియవలెను. పసుపు వన్నె పొడి సింక్రోమెష్ రింగులదిగాని, కంచు బుష్షులదిగాని యగును.

నూనె మజ్జిగవలె తెల్లబడిన యెడల నీరు చేరినది. మన వరిపొలములలో నిది సాధారణము. బురద కరిగెటలో ఇరుసు సీళ్లు అరిగి, లేదా గాలి రంధ్రము మూసికొనిపోయి నీరు లోనికి పోవును. నీరు కలిసిన నూనె పండ్లనడుమ పొరగా నిలువదు; బేరింగులకు త్రుప్పు పట్టును. తొలుతనే కనిపెట్టిన యెడల సీలు మార్చి, నూనె రెండు మార్లు మార్చుటతో బండి దక్కును. ఒక సీజను అట్లే నడిపిన యెడల బేరింగులన్నియు పోవును.

4. విప్పిన పిమ్మట

పెబ్బేరు సంతలో ఎద్దును కొనువాడు ముందుగా నోరు తెరిచి పండ్లు చూచును. ఇచ్చటను పండ్లే చూడవలెను. మేస్త్రీ విప్పునాడు యజమాని దగ్గర నుండుట మేలు. భాగములన్నియు డీజిలుతో కడిగి, వరుసగా పరచిన పిమ్మట ఈ క్రమమున చూడుడు.

పెట్టె: ఇది అన్నిటికంటె ముఖ్యము. బేరింగు కూర్చుండు గూడు గుండ్రముగా, గట్టిగా నున్నదా? క్రొత్త బేరింగు వేసినను వదులుగా తిరుగు గూడు మీద ఎంత ఖర్చు చేసినను వ్యర్థము. పోత ఇనుప పెట్టెకు గూటికి దూరముగా వచ్చిన చిన్న పగులును నేర్పరి వెల్డరు తగిన రాడ్డుతో అతుకవచ్చును. గూటిమీదుగా పోయిన పగులును అతికి నమ్మరాదు.

షాఫ్టులు: బేరింగు కూర్చుండు చోట గాడి పడినదా? స్ప్లైన్లు మెట్లవలె అరిగినవా?

పండ్లు: గుంటలు, విరుగుడు ఉన్నవా? పంటికి వెల్డింగు పోసి అరగదీయింతమని కొందరు చెప్పుదురు. గేరు పండ్ల పై పొర ప్రత్యేకముగా గట్టిచేయబడి యుండును. వెల్డింగు వేడికి ఆ గట్టిదనము పోవును. అట్టి పన్ను తాత్కాలికముగా బండిని ఇల్లు చేర్చునేగాని ట్రాలీని మోయదు.

పెట్టె, షాఫ్టులు బాగుండి, బేరింగులు, సీళ్లు, ఒకటి రెండు గేర్లు మాత్రమే చెడిన యెడల బాగుచేయుట యుక్తము. పెట్టె చెడి, షాఫ్టులు అరిగి, పలు గేర్ల పండ్లు పోయిన యెడల మార్చుట యుక్తము. నడిమి స్థితిలో నున్నవానికి లెక్క కావలెను.

5. బాగుచేయించువారు మరువరాని సంగతులు

విరిగిన ముక్కను మాత్రమే మార్చి మూసివేయుట పొదుపుగా కనబడును గాని కాదు. విరిగిన పన్ను పొడియై నూనెతో పాటు అన్ని బేరింగులలోను తిరిగి యుండును. కావున ఒకసారి విప్పినప్పుడు బేరింగులను శ్రద్ధగా పరీక్షించి అనుమానమున్నవన్నియు, సీళ్లు, ప్యాకింగులు మొత్తముగా మార్పింపవలెను. గేరు మార్చునప్పుడు దానితో జతగా తిరుగు గేరునుకూడ చూడవలెను. అరిగిన పండ్లతో క్రొత్త పండ్లు కలిసికొనక శబ్దము చేయును, త్వరగా అరుగును. షాఫ్టు ఆటను సరిచేయు పలుచని వాషర్లను కొలిచి వేయు మేస్త్రీనే ఎన్నుకొనుడు. క్లచ్చి ప్లేటు సగమునకు మించి అరిగియున్న యెడల అప్పుడే మార్పించుట మంచిది; తరువాత దానికొరకు మరల ట్రాక్టరును ముక్కలు చేయవలసి వచ్చును.

6. మార్పించువారు మరువరాని సంగతులు

మార్చుటలో రెండు తెరగులు. కంపెనీ క్రొత్త సామానుతో పూర్తి గేరుబాక్సు వేయించుట ఒకటి. దీనికి ఖర్చు మిక్కిలి ఎక్కువ, పాత నమూనాలకు దొరకకపోవచ్చును. తుక్కునకు పోయిన ట్రాక్టరునుండి తీసిన గేరుబాక్సు కొనుట రెండవది. విజయవాడ ఆటోనగరు, హైదరాబాదు ఆటోనగరు వంటి చోట్ల పాత మోటారు సామానుల వర్తకము విరివిగా జరుగును. అచ్చట కొనబోవువారు ఈ నాలుగు సంగతులు చూడవలెను.

ఒకటి, నమూనా పేరు ఒకటైనను సంవత్సరమునుబట్టి పండ్ల లెక్క మారవచ్చును. పండ్లు లెక్కించి, స్ప్లైన్లు పోల్చి చూడవలెను. నాలుగు చక్రములు లాగు ట్రాక్టరులో ఈ లెక్క తప్పిన యెడల ముందు చక్రములు, వెనుక చక్రములు ఒకదానినొకటి ఈడ్చుకొని ఇరుసులు చెడును.

రెండు, పై మూత తీయించి లోపల చూడకుండ సొమ్ము ఈయరాదు. మూసిన పెట్టెను కొనుట మూసిన సంచిలోని విత్తనములను కొనుట వంటిది.

మూడు, కొన్ని ట్రాక్టర్లకు ఛాసిస్ సంఖ్య ఈ పోతపెట్టెల మీదనే చెక్కబడి యుండును. పెట్టె మారిన యెడల రిజిస్ట్రేషను పత్రముతో సంఖ్య కలియదు. అమ్మునప్పుడును, ప్రమాదము జరిగి ఇన్సూరెన్సు కోరునప్పుడును చిక్కు వచ్చును. అట్టి బండి యైన యెడల కొనక మునుపే రవాణా కార్యాలయమున విచారింపుడు. రసీదు లేని సామాను దొంగసొత్తు కావచ్చును, దానిని తాకకుడు.

నాలుగు, పాత గేరుబాక్సునకును క్రొత్త సీళ్లు, క్రొత్త నూనె తప్పవు. ఆ ఖర్చును ధరలో చేర్చి చూడవలెను.

7. ఒక లెక్క

ఈ క్రింది అంకెలు లెక్క నేర్పుటకు కల్పించినవి. ఎవరి అంకెలు వారు వేసికొనవలెను.

ఒక రైతు ట్రాక్టరు గేరుబాక్సు చెడినది. బాగుచేయుటకు బేరింగులు రూ. 14,000, గేర్ల జత రూ. 11,000, ఫోర్కు స్ప్రింగులు రూ. 3,000, సీళ్లు ప్యాకింగులు రూ. 2,500, నూనె రూ. 7,500, కూలి రూ. 10,000, మొత్తము రూ. 48,000. సామాను తెప్పించుటతో కలిపి 12 దినములు పట్టును. పాత గేరుబాక్సు వేయించుటకు సామాను రూ. 40,000, కూలి రూ. 8,000, సీళ్లు రూ. 2,500, నూనె రూ. 7,500, మొత్తము రూ. 58,000. పని 4 దినములలో ముగియును.

ఇతడు కిరాయికి దున్నువాడనుకొందము. సీజనులో డీజిలు, డ్రైవరు ఖర్చులు పోగా దినమునకు రూ. 2,000 మిగులునట్లయిన, బాగుచేయుటలో 12 దినముల నష్టము రూ. 24,000 కలిసి రూ. 72,000 అగును. మార్చుటలో 4 దినముల నష్టము రూ. 8,000 కలిసి రూ. 66,000 అగును. సీజను నడుమ మార్చుటయే రూ. 6,000 చౌక.

అదే రైతు వేసవిలో పని లేనప్పుడు విప్పించిన యెడల దినముల నష్టము లేదు, బాగుచేయుట రూ. 10,000 చౌక.

ఇక మన్నిక లెక్క. బాగుచేసినది 4 సంవత్సరములు, లోపలి చరిత్ర తెలియని పాతది 2 సంవత్సరములు నడచుననుకొన్న యెడల, సీజను నడుమ చేయించినను బాగుచేయుట సంవత్సరమునకు రూ. 18,000, మార్చుట రూ. 33,000 పడును. నేడు చౌకయైనది రేపు ప్రియమగుట యిట్లే. అయినను ఆ ట్రాక్టరును వచ్చే సంవత్సరము అమ్మదలచినవానికి నాలుగేండ్ల మన్నికతో పని లేదు.

తన ఆరెకరములు మాత్రమే దున్నుకొను రైతు లెక్క మరియొక తీరు. అతనికి దినమునకు రూ. 2,000 ఆదాయము లేదు. ఆ 12 దినములలో పొరుగువారి ట్రాక్టరుతో కరిగెట చేయించుకొనిన యెడల, ఎకరమునకు కిరాయి రూ. 3,000 చొప్పున రూ. 18,000 అగును, అందులో తన డీజిలు ఎకరమునకు రూ. 1,200 చొప్పున రూ. 7,200 మిగులును. నికర నష్టము రూ. 10,800. కావున తొందరపడక బాగుచేయించుకొనుట అతనికి మేలు. మరియు ఆరెకరములకు పాత ట్రాక్టరును పోషించుటకంటె దానిని ఉన్నదున్నట్లు అమ్మి ఏటేట కిరాయికి దున్నించుకొనుట చౌకయేమో యను ప్రశ్ననుగూడ అతడు వేసికొనవలెను. అభిమానము ఈ ప్రశ్నను దాచును, లెక్క దాచదు.

8. సొమ్మును గూర్చియు, మాటను గూర్చియు

విప్పక మునుపే "ఇంతకు మించిన యెడల పని ఆపి నాకు చెప్పవలెను" అని మేస్త్రీతో ఒక హద్దు నిర్ణయించుకొనుడు. విప్పి చూచుటకు కూలి వేరుగా, బాగుచేయుటకు కూలి వేరుగా మాటాడుడు. అట్లు చేయనివాడు ట్రాక్టరు ముక్కలుగా పడియుండగా బేరమాడవలసిన దుస్థితికి వచ్చును. అంచనా కాగితము మీద వ్రాయించుకొనుడు. తీసివేసిన పాత భాగములన్నియు తిరిగి అడిగి తీసికొనుడు. సామాను రసీదులు, ఎన్ని నెలల హామీయో ఆ మాటయు భద్రపరచుడు.

ఎరువులకని తెచ్చిన సొమ్మును గేరుబాక్సులో పోసి, పిమ్మట ఎరువునకు అధిక వడ్డీకి బయట అప్పు చేయుట చూచుచున్నాము. 1998లో ప్రారంభమైన కిసాన్ క్రెడిట్ కార్డు పద్ధతిలో, పరిమితి నిర్ణయించునప్పుడు వ్యవసాయ సాధనముల మరమ్మతు నిమిత్తము 20 శాతము చేర్చు ఏర్పాటు కలదు. తమ కార్డులో అది చేర్చబడినదో లేదో సంఘ కార్యదర్శిగారిని అడిగి తెలిసికొనుడు.

9. కారణము తొలగనిదే

బాగుచేసినను, మార్చినను, చెడుటకు కారణమైనది తొలగనిదే క్రొత్తదియు పాతదాని దారినే పోవును. కరిగెట సీజను ముగియగానే నూనె చూచి, తెల్లబడిన యెడల మార్చుడు. గాలి రంధ్రమును బురద లేకుండ తుడువుడు. క్లచ్చి పెడలు మీద కాలు మోపి నడుపు అలవాటు మానుడు. హై, లో మార్చునప్పుడు బండిని పూర్తిగా ఆపుడు. బరువు ట్రాలీతో పల్లము దిగునప్పుడు న్యూట్రలు చేయకుడు; బండి అదుపు తప్పి ప్రాణమునకే ముప్పు.

నూనె విషయమున పుస్తకములో వ్రాసిన రకమునే పోయుడు. అనేక ట్రాక్టర్లలో గేరుబాక్సునకును, వెనుక ఇరుసునకును, హైడ్రాలిక్కునకును ఒకే నూనె. నూనెలో మునిగి పనిచేయు బ్రేకులున్న బండికి దానికి తగిన నూనెయే కావలెను. సామాన్య గేరు నూనె పోసిన యెడల బ్రేకులు చెడును. బాగుచేసిన పిమ్మట కొన్ని గంటలు తేలిక పనికి నడిపి, మొదటి నూనెను త్వరగా మార్చి, అయస్కాంతమును మరల చూడుడు.

యంత్రజ్ఞానము గడింపగోరు యువకులకు అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ శిక్షణ నిచ్చుచున్నది. గ్రామమునకు ఒక యువకుడైన అట్టి శిక్షణ పొందిన యెడల ఊరి సొమ్ము ఎంతో నిలుచును.

సారాంశము

(1) ముందు క్లచ్చిని పరీక్షింపుడు. గేరుబాక్సును తరువాత అనుమానింపుడు.
(2) నూనెను పట్టి చూడక విప్పనీయకుడు.
(3) పెట్టె, షాఫ్టులు గట్టిగా నున్న యెడల బాగుచేయుడు. అవియే చెడిన యెడల మార్చుడు.
(4) ధరతో పాటు దినముల నష్టమును, మన్నికను లెక్కకట్టుడు.
(5) ఖర్చునకు హద్దు విప్పక మునుపే నిర్ణయింపుడు.
(6) చిన్న శబ్దము విన్ననాడే, వేసవిలో చూపించుకొనుడు. నాట్లనాడు చేయు నిర్ణయము తొందర చేయు నిర్ణయము; వేసవిలో చేయు నిర్ణయము రైతు చేయు నిర్ణయము.